మూడో ఊరి వంట

2023 మే పద్దెనిమిదో తేదీ, గురువారం. ఆ మధ్యాహ్నం విస్తట్లో ఏమేమి పడ్డాయో మధులత ఇప్పటికీ వరస తప్పకుండా చెప్పగలదు. ముందు ఉప్పు. దాని పక్కన మామిడికాయ ఊరగాయ. తర్వాత పూర్ణం పెట్టిన ఓళిగలు, వాటి మీద కాచిన నెయ్యి, అద్దుకోవడానికి దొన్నెలో మామిడిపండ్ల రసం. పప్పు, వంకాయ కూర, చారు, చివర మజ్జిగ. మాంసం లేదు. రాజీ జరిగే రోజు కత్తి కంటబడకూడదని పెద్దమనుషులు ముందే కట్టడి చేశారు. వంకాయలు కూడా ఎక్కడో తరిగి, నీళ్ల బక్కెట్లలో వేసి తెచ్చారు.

వండింది మూడో ఊరివాళ్లు. అటు వాళ్లు వండితే ఇటు వాళ్లు ముట్టరు, ఇటు వాళ్లు వండితే అటు వాళ్లు కూర్చోరు. అందుకని బద్వేలు నుంచి వంటవాళ్లను పిలిపించారు. వాళ్లకు ఎవరు ఎవరో తెలియదు. తెలుసుకోవాలన్న పట్టింపూ లేదు. కమలాపురం అవతల ఆ కల్యాణ మండపంలో, రెండు వరసలకూ ఒకే గరిటెతో వడ్డించుకుంటూ పోయారు.

రెండు వరసలూ ఒకే ఇంటిపేరువాళ్లు. మధులత తండ్రి మునీంద్ర ఒక వైపు, ఆయనకు అన్న వరసయ్యే ఓబులేసు మరో వైపు. పొలంలోకి పోయే బండిదారి దగ్గర మొదలైన మాట పంచాయతీ ఎన్నికల్లో పెద్దదై, ఓబులేసు తమ్ముడు చిన్నన్న ప్రాణం తీసింది. ఇటు మధులత చిన్నాయనకు కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. ఆ తర్వాత చాలాకాలం ఊళ్లో మగవాళ్లు ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో ఇంట్లో ఆడవాళ్లకు కూడా చెప్పలేదు. మధులత బడికి పొలాల గట్ల మీదుగా చుట్టుతిరిగి వెళ్లేది, ఓబులేసు కొడుకు హర్షవర్ధన్ ఊరి దారిన వెళ్లేవాడు. ఒకే తరగతిలో ఒకే పుస్తకం పంచుకుని చదివిన పిల్లలు ఎదురుపడితే తలలు వంచుకునే స్థితికి వచ్చారు.

అందుకే ఆ రోజు ఓబులేసు తానే పళ్లెం పట్టుకుని ఆడవాళ్ల వరసలోకి వచ్చి, మధులత విస్తట్లో మరో ఓళిగ వేసినప్పుడు ఆమె తినడం ఆపి తలెత్తి చూసింది.

"తిను బిడ్డా. ఈ పొద్దునించి నువ్వు మా ఇంటి బిడ్డవి," అన్నాడాయన.

ఆమె తిన్నది. పొట్టలో చోటు లేకపోయినా, ఆ ఓళిగ చివరి ముక్క వరకూ తిన్నది.

ఆ సాయంత్రమే తండ్రి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని డిగ్రీ మాట ఎత్తాడు. ఇంటర్ అప్పుడే పూర్తయింది. కర్నూల్లో మంచి కాలేజీలున్నాయని, ఓబులేసు అక్క నాగలక్ష్మమ్మ అత్త అక్కడే ఉంటుందని, ఆమె ఇంట్లో ఉండి చదువుకోమని చెప్పాడు. హర్ష కూడా కడపలో మీ శ్రీకాంత్ మామ ఇంట్లో ఉండి ఇంజనీరింగు చదువుతాడన్నాడు. మన బిడ్డ వాళ్లింట్లో, వాళ్ల బిడ్డ మనింట్లో, ఇంతకన్నా కలిసిపోవడం ఏముంటుందన్నాడు. మధులతకు తండ్రి మీద ఎన్నడూ లేనంత గౌరవం కలిగింది. పగ పట్టిన మనిషి ఇంత మెత్తబడగలడా అనుకుంది. ప్రయాణం రోజు ఊరి నడిమధ్య నుంచి రెండు కార్లు ఒకే పొద్దున బయలుదేరాయి. ఒకటి కర్నూలుకు, ఒకటి కడపకు.

నాగలక్ష్మమ్మకు అరవై దాటాయి. భర్త ప్రభుత్వోద్యోగం చేసి పోయాడు. పిల్లలు లేరు. కర్నూల్లో రాజ్‌విహార్ కూడలి నుంచి ఆటోలో పది రూపాయల దూరంలో పాత ఇల్లు. ముందు గదిలో చిన్నన్న ఫోటో, దానికి పూలదండ. వచ్చిన మొదటి వారం మధులత ఆ ఫోటో ఉన్న గోడ వైపు చూడకుండా తిరగడం నేర్చుకుంది. ఆ చనిపోయిన తమ్ముడికి అన్నం కలిపి పెట్టి పెంచిన చేత్తోనే నాగలక్ష్మమ్మ తనకు అన్నం పెడుతోందన్న ఊహ వచ్చినప్పుడల్లా ఆమెకు మెతుకు దిగేది కాదు. ఒకనాడు అత్త అది గమనించింది. మరుసటి రోజు నుంచి భోజనం పీటలు వంటింట్లోకి మారాయి, ఫోటో కనబడని చోటికి. ఎందుకని ఆమె చెప్పలేదు, ఈమె అడగలేదు.

అలాంటివి చాలా ఉండేవి. పరీక్షల పొద్దున వేడి బొరుగుల ఉగ్గానిలో పప్పులపొడి ఒక చెంచా ఎక్కువ పడేది. ఎండాకాలం మధులత గది కిటికీకి తడిపిన గోనెపట్టా వేలాడేది. జ్వరం వచ్చినప్పుడు అత్త మంచం పక్క నేలమీదే పడుకుని, పొద్దున లేచి అలా పడుకున్న సంగతే తెలియనట్టు నీళ్లు తోడేది.

కొన్ని అలవాట్లు మాత్రం మధులతకు వింతగా ఉండేవి. దీపాలు పెట్టే వేళకు రోజూ ఓబులేసు దగ్గర నుంచి ఫోను వచ్చేది. అత్త ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది. "ఆ. ఈడనే ఉండాది." అంతే, పెట్టేసేది. పెదనాయనకు తనమీద ఎంత ప్రేమ అని మధులత ముచ్చటపడేది. రాత్రి పడుకునే ముందు అత్త వీధి తలుపుకు లోపలినుంచి గడియపెట్టి, దానికి తాళం కూడా వేసి, చెవి బొడ్లో దోపుకునేది. దొంగల భయం అనుకుంది మధులత. పండగలకు ఊరికి వెళ్లినప్పుడు హర్ష కూడా అదే రోజున ఊళ్లో ఉండేవాడు, అదే రోజున తిరిగి వెళ్లేవాడు. కాలేజీ సెలవులన్నీ ఒకటే కదా అనుకుంది.

మునీంద్ర అప్పుడప్పుడూ కర్నూలుకు వచ్చేవాడు. ఆస్పత్రి పనో, ఆఫీసు పనో చూసుకుని కూతుర్ని పలకరించి పోయేవాడు. వసారాలో కుర్చీలో కూర్చునేవాడు. చేతిలో ఎప్పుడూ తన నీళ్ల సీసా ఉండేది. అత్త మంచినీళ్లు తెచ్చిపెడితే, డాక్టరు కాచి చల్లార్చిన నీళ్లే తాగమన్నాడమ్మా అనేవాడు. భోజనానికి ఎప్పుడూ ఉండేవాడు కాదు. నాయనకు ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ ఎప్పటి నుంచని మధులత నవ్వుకునేది.

కాలేజీలో ఆమె మేజర్ ఆర్థికశాస్త్రం. దానికి తోడు మైనర్‌గా ఇంకో సబ్జెక్టు ఎంచుకోవాలి. దాదాపు అందరూ కంప్యూటర్ల వైపు వెళ్లారు. మధులత అంతర్జాతీయ వ్యవహారాలు తీసుకుంది. గట్ల మీదుగా బడికి చుట్టుతిరిగి వెళ్లిన పిల్లకు, పెద్ద పెద్ద దేశాలు కొట్టుకున్నాక మళ్లీ ఎలా మాట్లాడుకుంటాయో తెలుసుకోవాలనిపించింది. ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు తండ్రి ఫోన్లో కాసేపు ఆలోచించి, అంటే పక్కదేశాలోళ్ల తగాదాలా అని అడిగాడు. నాగలక్ష్మమ్మ ఆకులు తుంచుతూ, "మన ఊరి తగాదాలు సదవడానికే ఒక జనమ సాలదు. ఇంగ దేశాలవా," అని నవ్వింది.

పాఠం చెప్పే జయరాజ్ సారు మెత్తటి మనిషి. మధ్యాహ్నం ఎండ కిటికీల్లోంచి దిగే గదిలో, చిరిగిన ప్రపంచపటం ముందు నిలబడి, గొంతు పెంచకుండా చెప్పేవాడు. విద్యార్థులు కొద్దిమందే. అందువల్ల ఎవరి ఊరేదో, ఎవరికి ఏ బస్సో ఆయనకు తెలుసు. ఒకరోజు సంధుల గురించి చెబుతూ, సంధి మాట్లాడే చోటు ఇద్దరిలో ఎవరిదీ కాకూడదని, అందుకే మూడో దేశాన్ని వెతుక్కుంటారని అన్నాడు. మధులతకు బద్వేలు వంటవాళ్లు గుర్తొచ్చారు. ఆ క్షణంలోనే ఆఖరి సెమిస్టరు సెమినారుకు తన అంశం దొరికింది.

తన సొంత ఊళ్లో జరిగిన రాజీ. పేర్లు మార్చి, ఊరు మార్చి, అయినా తనదే.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఆమె వంతు వచ్చింది. చేతిలో కాగితం లేకుండానే చెప్పింది. కత్తి కంటబడకూడదన్న కట్టడి చెప్పింది. తరిగి తెచ్చిన వంకాయల గురించి చెప్పింది. మూడో ఊరి వంట గురించి చెప్పగానే పక్క బెంచీలో శిల్ప, "అయితే బద్వేలు మన స్విట్జర్లాండే," అంది. గదంతా నవ్వింది. సారూ నవ్వాడు. ఆ నవ్వుతో మధులతకు ధైర్యం వచ్చింది. అసలు సంగతి ఇప్పుడు వస్తుందని చెప్పి, ఆ రెండు ఇళ్లవాళ్లూ ఒకరి బిడ్డను ఒకరి ఇంట్లో ఉంచి చదివించుకుంటున్నారని, సంతకాలకన్నా గట్టిది ఆ నమ్మకమని ముగించింది.

జయరాజ్ సారు చిన్నగా తలూపాడు. "ఇద్దరు పిల్లలూ ఒకే రోజు బయలుదేరినారామ్మా?"

"ఒకే రోజు సార్. ఒకే పొద్దున. రెండు కార్లు పక్కపక్కనే నిలబెట్టినారు. ఒకటి కదిలినాకనే రెండోది కదిలింది. పెద్దమనుషులు ఫోన్లు పట్టుకుని అక్కడే ఉన్నారు, రెండూ చేరినాయని తెలిసేదాకా..."

చెబుతూ చెబుతూ ఆమె తన మాట తనే విన్నది. ఎందుకో ఆ వాక్యం చివర గొంతు తగ్గిపోయింది. సారు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఇంకో ప్రశ్న అడుగుతాడనుకుంది. అడగలేదు. చాలా బాగా చెప్పావమ్మా, కూర్చో అని, తర్వాతి పిల్లవాణ్ని లేపాడు. ఆ మనిషి ఆ రోజు తనను నలుగురి ముందు దేని నుంచి కాపాడాడో మధులతకు తర్వాత తెలిసింది.

మర్నాడు పాఠంలో సారు ఒక భాగాన్ని దాటేశాడు. ఇది మీరే చదువుకోండి, పరీక్షలో రాదు అన్నాడు. ఎన్నడూ ఏదీ దాటేయని మనిషి దాటేశాడు కాబట్టే మధులత అది చదివింది. సంధి కుదిరాక అవతలివాడు మాట తప్పకుండా పూచీ ఏమిటన్నది ఆ భాగం. ఒక కోటను అప్పగించి ఉంచేవాళ్లు కొందరు. మనుషుల్ని ఉంచేవాళ్లు కొందరు. పూర్వం రాజులు తమ పిల్లలను అవతలి రాజు కోటలో పెరగనిచ్చేవారు. ఆ పిల్లలకు మంచి భోజనం, మంచి చదువు, గౌరవం అన్నీ దొరికేవి. ఒక్కటే దొరికేది కాదు, తలచుకున్నప్పుడు వెళ్లిపోయే వీలు.

ఆమె పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లింది. అత్త జొన్నరొట్టె తడుతోంది. దీపాలు పెట్టే వేళ. ఫోను మోగింది. పిండి చేత్తోనే ఎత్తి, "ఆ. ఈడనే ఉండాది," అంది నాగలక్ష్మమ్మ.

అయినా మధులత నమ్మలేదు. నమ్మకుండా ఉండడానికి ఆమెకు ఎన్నో కారణాలు దొరికాయి. అవి రాజుల కాలం మాటలు. తన తండ్రి రాజు కాడు, చెనిక్కాయ పండించే రైతు. తనకు పుస్తకాల పిచ్చి పట్టి ప్రతిదాన్నీ పాఠంలాగా చూస్తోంది. ఇలా తనను తాను మందలించుకుంటూ పరీక్షలు రాసింది.

పరీక్షలు అయ్యాయి. తోటివాళ్లు హాస్టళ్లు ఖాళీ చేసి, పెట్టెలు ఆటోల మీదకు ఎక్కించుకుని వెళ్లిపోయారు. మునీంద్ర కూతుర్ని తీసుకుపోవడానికి రాలేదు. ఎండలు తగ్గనీ అన్నాడు. తర్వాత, అత్త ఒక్కతే అయిపోతుందమ్మా అన్నాడు. అంతలో హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ వ్యవహారాల్లో ఎం.ఏ. సీటు వచ్చింది. మధులత సంతోషంతో ఫోన్ చేసింది. తండ్రి సంతోషించాడు కూడా. ఆ తర్వాత, వచ్చే ఏడాది చేరొచ్చులే అన్నాడు. సీటు ఏడాది ఆగదని ఆమె ఎంత చెప్పినా వినలేదు. కర్నూల్లోనే ఏదైనా చిన్న కోర్సు చెయ్యమన్నాడు. ఆమె వదలకుండా కారణం అడిగితే, విసుగులో నోరు జారాడు.

"హర్ష సదువు ఇంగా ఒక సంవత్సరముండాది గదమ్మా. అది గూడా కానీ."

"హర్షన్న చదువుకూ నాకూ ఏం సంబంధం నాయనా?"

అవతల ఎక్కడో మోటారు పంపు నడుస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత సిగ్నలు లేదమ్మా అంటూ ఫోను పెట్టేశాడు.

మధులత మంచం మీద కూర్చుండిపోయింది. ఇప్పుడు అంతా ఒక్కసారిగా వరసలో నిలబడింది. కల్యాణ మండపంలో కూర్చున్న పెద్దమనుషులు పిల్లల చదువులు అయిపోయేదాకా అని మాట అనుకున్నారు. డిగ్రీ మూడేళ్లని, ఇంజనీరింగు నాలుగేళ్లని ఆ రోజు ఎవరికీ తట్టలేదు. పొలం గట్లు, బోరు లోతులు వేలెడు తేడా రాకుండా చూసే మనుషులు, చదువు దగ్గర మాత్రం అన్ని చదువులూ ఒకటే అనుకున్నారు. ఆ పొరపాటు మిగిల్చిన ఏడాదిని ఇప్పుడు ఆమె ఇక్కడ కూర్చుని నింపాలి.

ఆమె హర్షకు ఫోన్ చేసింది. పక్కపక్క కార్లలో బయలుదేరిన రోజు నుంచి వాళ్లిద్దరూ ఎన్నడూ ఫోన్లో మాట్లాడుకోలేదు. మనిద్దర్నీ రాజీకి పూచీగా పెట్టినారా అని ఆమె సూటిగా అడిగింది. 

"నీకు తెల్సనుకున్న్యా చెల్లెమ్మా."

"నీకెప్పటినుంచి తెలుసు?"

"మొదట్నించీ. రాజీకి ముందే నన్ను కూర్చోబెట్టి అడిగినారు. ఇష్టం ల్యాకుంటే చెప్పు, ఇంగో దావ చూస్తామన్నారు. చిన్నన్న చిన్నాయన పొయ్యింది చూసినా గదా, ఇంగ ఎవురూ పోగూడదని నేనే సరేనంటి. నీతో గూడా అట్లనే మాట్లాడింటారని..."

"నన్నెవరూ అడగలా," అంది మధులత.

 ఆమెకు సీటు వచ్చిన సంగతి విని, అతను వెళ్లమని చెప్పాడు. ఆమె వెళ్లిపోయిందని తెలిస్తే ఓబులేసు మొట్టమొదట చేసే పని హర్షను కడప నుంచి వెనక్కి పిలవడం. అప్పుడిక రాజీ మాట గాలికి పోతుంది. కానీ తను రానంటాడు. చదువు అయ్యేదాకా శ్రీకాంత్ మామ ఇల్లు కదలనని తండ్రికి తానే చెప్పుకుంటాడు. "మా నాయన నా మాట ఇంటాడు. నేనీడుండంగ మావైపునించి ఎవురూ చెయ్యెత్తరు. నువ్వు బో," అన్నాడు. ఆ మాటల్లోని మంచితనం ఆమెను ఏడిపించింది. అందులోని మరో మాట అంతకన్నా లోపలికి దిగింది. మా నాయన నా మాట వింటాడు. తన తండ్రి గురించి తను ఆ మాట అనగలిగేది కాదు.

రెండు రోజులకు మునీంద్ర కర్నూలు వచ్చాడు. ఫోన్లో తేలదని అర్థమైనట్టుంది. ఎప్పటిలాగే వసారా కుర్చీలో కూర్చున్నాడు. సీసా కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. మనిషి బాగా అలిసిపోయి ఉన్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. అత్త పలకరించి లోపలికి వెళ్లింది. తండ్రీకూతుళ్లు మాట్లాడుకోవాలని వెళ్లింది గానీ, వంటింటి గడప దాటలేదు.

ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో చూడమన్నాడు. మూడేళ్లుగా ఊళ్లో మగవాళ్లు తమ ఇళ్లలో తమ మంచాల మీద పడుకుంటున్నారన్నాడు. చిన్నాయన ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకున్నాడన్నాడు. అవన్నీ నిజాలే. మధులత వాటిలో ఒక్కదాన్నీ కాదనలేదు.

"హర్షన్నను అడిగినారంట నాయనా. నన్నెందుకు అడగలా?"

మునీంద్ర చేతులు చూసుకున్నాడు.

"వాడు మొగపిల్లోడు. సెప్తే..." అని ఆగాడు. ఆ మాట తనకే నచ్చలేదు కాబోలు, తల అడ్డంగా ఊపాడు. "అడిగితే నువ్వు వద్దంటావేమోనని."

అది మాత్రం ఆయన నిజమే చెప్పాడు. 

మధులత లేచి లోపలికి వెళ్లింది. వంటింట్లో కుండ మీద మూత తీసి, అత్త తాగే ఇత్తడి గ్లాసును నిండా ముంచింది. నాగలక్ష్మమ్మ గడప పక్కకు జరిగి దారి ఇచ్చింది. మధులత ఆ గ్లాసు తెచ్చి తండ్రి ముందు స్టూలు మీద పెట్టింది.

"ఎండలో వచ్చినావు. తాగు నాయనా."

ఆయన గ్లాసు వైపు చూశాడు. వంటింటి గడప వైపు చూశాడు. "ఇప్పుడే తాగినా బిడ్డా," అన్నాడు. కాళ్ల దగ్గరి సీసా మూత కూడా తీసి లేదు.

"రోజూ నేను తాగేవే."

ఆయన చెయ్యి గ్లాసు దాకా వచ్చింది. వేళ్లు దాని అంచుకు తగిలాయి. నీళ్లు కదిలాయి. అంతే. చెయ్యి వెనక్కి పోయి తువ్వాలు మీద పడింది.

మధులత ఏడవలేదు. ఆ వసారాలో నిలబడి ఆ గ్లాసు వైపే చూసింది. ఈ ఇంట్లో ఎన్ని అన్నాలు తిన్నదో, ఎన్ని ఉగ్గానులు తిన్నదో, జ్వరంలో ఎవరి చేతి గంజి తాగిందో తలచుకుంది. తన తండ్రి ఒక్క గుక్క నీళ్లు తాగడానికి భయపడే ఇంట్లో తనను పెట్టి, ఊరికి వెళ్లి, హాయిగా మంచం మీద పడుకున్నాడు. ఏమైనా అయితే తనకే అవుతుంది, కాదన్న ధీమా మాత్రం అవతలివాళ్ల బిడ్డ తమవాళ్ల ఇంట్లో ఉన్నాడన్నదే. రాజీ అంటే అదీ. నమ్మకమని తరగతిలో నిలబడి చెప్పింది తను.

"పొద్దు పోతాది. బస్సుకు పో నాయనా," అంది.

ఆయన లేచాడు. గడప దగ్గర ఆగి, ఒక్క సంవత్సరమే గదమ్మా అన్నాడు. తర్వాత చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. సీసా కుర్చీ కింద మరిచిపోయాడు. దాన్ని చూసి మధులతకు కోపం రాలేదు, అంత దూరం బస్సులో దాహంతో పోతాడని బాధ కలిగింది. అలా బాధ కలిగినందుకు తన మీద తనకు కోపం వచ్చింది.

నాగలక్ష్మమ్మ వచ్చి గ్లాసు తీసుకుంది. అందులోని నీళ్లు పారబోయలేదు. తానే నిలబడి తాగేసింది.

"నీకూ తెలుసు గదా అత్తా," అంది మధులత.

"తెల్సు."

"మూడేండ్లు ఒక్కనాడన్నా చెప్పాలనిపించలేదా?"

"చెప్పొద్దన్న్యారు." ఆమె ఖాళీ గ్లాసును కొంగుతో తుడుస్తూ కూర్చుంది. "నువ్వొచ్చిన కొత్తలో నీ మొగం సూస్తే నాకు మా చిన్నన్నే గుర్తుకొచ్చేటోడు. నీకు అన్నం పెట్టేటప్పుడు చెయ్యి వణికేది. ఆమైన వణకడం మానేసింది. ఎందుకుంటాండావో చెప్పినా, చెప్పకున్న్యా, పెట్టేది అన్నమే గదా అనుకున్న్యా."

"రాత్రి తాళం దొంగలకు కాదు గదా."

"మొదటి యాడాది నీకోసరమే," అంది నాగలక్ష్మమ్మ, తల ఎత్తకుండా. "తర్వాత అలవాటై పొయ్యింది."

ఆమె అబద్ధం చెప్పనందుకు మధులతకు కొంత ఊరట కలిగింది. కానీ ఊరట కలిగినంత మాత్రాన గుండెలో పుండు మానలేదు. ప్రేమగా చూసిన మనిషి తాళం చెవి బొడ్లో పెట్టుకుని చూసింది. ఆ రెంటిలో ఒకటి నిజమై ఇంకొకటి అబద్ధమైతే తేలికగా ఉండేది. రెండూ నిజమే.

ఆమె గదిలోకి వెళ్లి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. దాచుకోలేదు. తలుపు తెరిచే ఉంచింది. రేపు పొద్దున మొదటి హైదరాబాదు బస్సు కొత్త బస్టాండు నుంచి ఉందని, ఎల్లుండి చేరికకు ఆఖరి రోజని గట్టిగానే చెప్పింది. చెప్పి, అత్త ఏమంటుందోనని ఆగింది. వంటింట్లోంచి పోపు చిటపటలు వినిపించాయి.

దీపాలు పెట్టే వేళ ఫోను మోగింది. నాగలక్ష్మమ్మ చేతులు తుడుచుకుని, ముందు గదిలోకి వచ్చి కూర్చుని ఎత్తింది. ఆమె కూర్చున్న చోటు నుంచి మధులత సర్దుకుంటున్న సంచి తిన్నగా కనబడుతోంది. అవతల ఓబులేసు ఎప్పటి ప్రశ్నే అడిగి ఉంటాడు.

నాగలక్ష్మమ్మ ఫోటోలో ఉన్న తమ్ముడి వైపు ఒకసారి చూసింది.

"ఆ," అంది. "ఈడనే ఉండాది."

ఫోను పెట్టి మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఆ రాత్రి రోట్లో నూరిన చెనిక్కాయల ఊరిమిండి, జొన్నరొట్టె, మజ్జిగన్నం. ఇద్దరూ వంటింట్లో పీటల మీద కూర్చుని తిన్నారు.  అత్త రొట్టెలు కొన్ని ఎక్కువే చేసింది. వాటిని ఒక పాత బట్టలో చుట్టి, ఊరిమిండిని చిన్న డబ్బాలో పెట్టి, సంచి పక్కన ఉంచింది. మునీంద్ర మరిచిపోయిన సీసాను కడిగి, కుండలోని నీళ్లతో నింపి, దాన్నీ అక్కడే పెట్టింది. మధులత ఆ సీసా వైపు చాలాసేపు చూసి, తీసి సంచిలో పెట్టుకుంది.

హర్ష పంపిన మెసేజి ఫోన్లో వెలిగింది. పోతున్నావా అని అడిగాడు. పోతున్నానని రాసింది. తండ్రికి ఏమీ రాయలేదు. ఆయన్ను అడగాలనిపించలేదు.

పడక వేళకు నాగలక్ష్మమ్మ ముందు గదిలోకి వచ్చింది. మేకుకు వేలాడుతున్న తాళం తీసి చేతిలో పట్టుకుని కొంతసేపు నిలబడింది. తర్వాత దాన్ని మళ్లీ మేకుకే తగిలించింది. బొడ్లోని చెవి తీసి చిన్నన్న ఫోటో కింద పలక మీద పెట్టింది. ముసలి వేళ్లతో తలుపు రెక్కలు రెండూ దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా గడియ ఒక్కటే వేసింది.